వేడి పుట్టించని కరెంటు



గుండె దడ అంటే తెలియని ఇల్లు మన మెట్టలో ఉండదు. మిరప కోతలప్పుడు ఎండలో వంగి లేచినా వస్తుంది, నందిగామ బస్సు దాటిపోతోందని పరుగెత్తినా వస్తుంది. ఆ దడ గురించి బెంగ అక్కర్లేదు. దానికో కారణం ఉంది, కారణం తీరగానే పోతుంది. నేను ఈ పూట చెప్పబోయేది కారణం కనబడకుండా వచ్చే దడ గురించి. అన్నం తిని నడుం వాల్చగానే గుండె ఉన్నట్టుండి లగెత్తుకుంటుంది. కొట్టుకోవడంలో ఒక వరస ఉండదు. ఒళ్ళంతా నీరసం, కొందరికి ఆయాసం, కొందరికి కళ్ళు తిరగడం. గ్యాసు పట్టిందనుకుని సోడా తాగి కూర్చుంటారు. కాసేపటికో, ఒక పూటకో అదే సర్దుకుంటుంది. సర్దుకున్నాక ఈసీజీ తీయిస్తే అందులో ఏమీ దొరకదు. మీకేం లేదమ్మా, టెన్షన్ పడకండి అని ఇంటికి పంపిస్తారు. ఇలా ఏళ్ళు గడిచిపోతాయి.

ఇలాంటి దడల్లో పెద్దవయసువాళ్ళలో ఎక్కువగా కనబడేదాని పేరు ఎట్రియల్ ఫిబ్రిలేషన్. డాక్టర్లు పొట్టిగా ఏఎఫ్ అంటారు, నేనూ అలాగే అంటాను. దీనికి గత కొన్నేళ్ళలో ఒక కొత్త వైద్యం వచ్చింది. పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్ అని దాని పేరు. గుండె లోపలికి సన్నటి తీగ పంపి, కరెంటుతో, అయినా వేడి అన్నది దాదాపు లేకుండా, దడ పుట్టించే కండరాన్ని పనిచేయకుండా చేసే పద్ధతి. అమెరికాలో, యూరప్‌లో లక్షలమందికి చేశారు. మన దేశంలో పెద్ద నగరాల ఆసుపత్రుల్లోకి కూడా వచ్చింది. జగ్గయ్యపేట నుంచి హైదరాబాదు దాదాపు 200 కిలోమీటర్లు, బెజవాడ 80 కిలోమీటర్ల లోపే. కాబట్టి ఇది మనకి అందనంత దూరంలో ఉన్న సంగతేమీ కాదు. రేపు మీ ఇంట్లో ఒకరికి ఏ డాక్టరయినా ఈ పేరు చెప్పవచ్చు. అప్పుడు భయంతోనో, గుడ్డి నమ్మకంతోనో కాకుండా, తెలిసి తలూపాలని నా కోరిక.

ముందు జబ్బు సంగతి చూద్దాం. గుండెకి నాలుగు గదులు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడి కర్ణిక పైభాగంలో ఉండే చిన్న కణాల ముద్ద నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పుట్టిస్తుంది. ఆ సంకేతం కర్ణికల మీదుగా పాకి, మధ్యలో ఒక కణుపు దగ్గర క్షణకాలం ఆగి, కిందికి దిగుతుంది. పై గదులు ముడుచుకున్నాక కింది గదులు ముడుచుకుంటాయి. ఏఎఫ్ వచ్చినప్పుడు పై గదుల్లో ఈ క్రమం పోతుంది. ఎక్కడెక్కడో పుట్టిన సంకేతాలు నిమిషానికి 350కి పైగా, ఒక్కోసారి 600 దాకా ఒకదానికొకటి అడ్డంపడి తిరుగుతుంటాయి. కర్ణికలు ముడుచుకోవు, ఊరికే వణుకుతాయి. మధ్యనున్న కణుపు వాటిలో కొన్నింటినే కిందికి వదులుతుంది. అందుకే నాడి వేగంగా, వరస లేకుండా తగులుతుంది.

దడ కన్నా దాని వెనకే వచ్చే ప్రమాదం పెద్దది. ముడుచుకోని గదిలో రక్తం నిలవ ఉంటుంది. ఎడమ కర్ణికకి చెవిలాంటి ఒక చిన్న సంచి ఉంటుంది, అందులో గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకి పోతే పక్షవాతం. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో తరతరాలుగా జనం ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చారు. ఏఎఫ్ ఉన్నవాళ్ళకి పక్షవాతం ముప్పు లేనివాళ్ళకన్నా అయిదు రెట్లకి పైగా ఉందని, కీళ్ళవాతంతో గుండె కవాటం చెడి ఏఎఫ్ వచ్చినవాళ్ళకి 17 రెట్లు ఉందని 1978లోనే వాళ్ళు లెక్క తేల్చారు. ఈ 17 అనే అంకె దగ్గరికి మళ్ళీ వస్తాను. మన ప్రాంతానికి అది చాలా ముఖ్యం.

ఈ పిచ్చి సంకేతాలు ఎక్కడ పుడుతున్నాయో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో మిషెల్ హైసగేర్ అనే డాక్టరు, ఆయన బృందం 45 మంది రోగుల్లో వెతికి చూశారు. మొత్తం 69 చోట్ల సంకేతాలు పుడుతున్నట్టు తేలింది. వాటిలో 65 ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి మంచి రక్తం తెచ్చే సిరల్లో ఉన్నాయి! ఆ సిరల మొదట్లోకి కొద్దిమేర గుండె కండరం చొచ్చుకుపోయి ఉంటుంది. చిక్కంతా అక్కడే. దాంతో వైద్యానికి దారి తెలిసింది. ఆ సిరల మూతి చుట్టూ కండరాన్ని వలయంగా చంపేస్తే, లోపల పుట్టిన సంకేతం బయటికి రాలేదు. ఈ పనినే అబ్లేషన్ అంటారు. పొట్ట కోయరు, ఛాతీ తెరవరు. గజ్జ దగ్గర సిరలో నుంచి తీగ పంపి, కర్ణికల మధ్య గోడకి చిన్న రంధ్రం చేసి ఎడమవైపుకి చేరతారు. స్టెంటు వేసే క్యాథ్ ల్యాబు లాంటి గదిలోనే ఇదీ జరుగుతుంది.

పాతికేళ్ళపాటు ఈ పనికి ముఖ్యంగా రెండే సాధనాలు. ఒకటి తీగ కొన నుంచి రేడియో తరంగాలు పంపి, ఆ వేడితో కండరాన్ని కాల్చడం. రెండోది ఒక బుడగని సిర మూతికి ఆనించి, గడ్డకట్టే చలితో చంపడం. రెండూ మంచి వైద్యాలే. లక్షలమందికి మేలు చేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి. వీటితో ఇబ్బంది ఇరుగుపొరుగు దగ్గర వస్తుంది. ఎడమ కర్ణిక వెనక గోడకి కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే అన్నవాహిక ఉంటుంది. కుడివైపు సిరల పక్కగా ఫ్రెనిక్ నరం పోతుంది, ఊపిరి పీల్చేటప్పుడు ఉదరవితానాన్ని కదిలించేది అదే. వేడికీ చలికీ గుండె కండరమేది, అన్నవాహిక ఏది అన్న తేడా తెలియదు. మన చేలల్లో కలుపు మందు కొట్టినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. కొన్ని మందులు తగిలిన ప్రతి మొక్కనీ మాడ్చేస్తాయి, గాలి మళ్ళితే పక్క చేను మిరప కూడా పోతుంది. కొన్ని మందులు గడ్డిని మాత్రమే చంపి పత్తి మొక్కని వదిలేస్తాయి. కొత్త కరెంటు వైద్యం ఈ రెండో రకానికి చెందుతుంది.

కాల్చిన వేడి అన్నవాహిక దాకా పోతే, కొన్ని వారాల తర్వాత గుండెకీ అన్నవాహికకీ మధ్య రంధ్రం పడవచ్చు. చాలా అరుదు. పడితే మాత్రం ఎక్కువమంది బతకరు. అబ్లేషన్ చేసే ప్రతి డాక్టరు మనసులోనూ ఉండే భయం ఇది. దీన్ని తప్పించడానికే గొంతులో నుంచి ఉష్ణోగ్రత కొలిచే తీగ వేస్తారు, వెనక గోడ దగ్గర వేడి తగ్గిస్తారు. తగ్గిస్తే వలయం సరిగా పూర్తవదు, దడ మళ్ళీ వస్తుంది. పెంచితే అన్నవాహికకి ముప్పు. ఈ సందిగ్ధం నుంచి బయటపడాలన్న తపనలోంచే వేడి లేని పద్ధతి వచ్చింది.

దాని చరిత్ర ఒక మలుపు తిరిగి వెనక్కి వచ్చిన చరిత్ర. నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త నింపాదిగా చెబుతాను. గుండెలోకి తీగ పంపి కరెంటుతో కండరాన్ని చంపవచ్చన్న ఆలోచన ఒక ప్రమాదంలోంచి పుట్టింది. 1979లో ఫ్రాన్స్‌లో ఒక రోగి గుండెలో పరీక్ష తీగ ఉండగా బయటినుంచి షాక్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ కరెంటు తీగ గుండా పోయి, పై గదులకీ కింది గదులకీ మధ్యనున్న విద్యుత్ దారి శాశ్వతంగా తెగిపోయింది. ఆ సంగతి దాచిపెట్టకుండా వాళ్ళు వైద్య పత్రికలో రాశారు. అది చదివిన అమెరికన్ డాక్టరు మెల్విన్ షైన్‌మన్, అనుకోకుండా జరిగినదాన్ని కావాలని చేస్తే అదుపులేని దడకి వైద్యం అవుతుంది కదా అని ఆలోచించారు. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి రోగికి చేశారు. అప్పటిదాకా దీనికి ఛాతీ కోసి ఆపరేషన్ చేయడమే మార్గం.

అయితే అది ఒకే ఒక్క పెద్ద దెబ్బ. లయ తప్పి వణికే గుండెని దారిలో పెట్టడానికి ఛాతీ మీద ఇచ్చేంత షాక్‌ని నేరుగా గుండె లోపల ఇచ్చేవాళ్ళు. తీగ కొన దగ్గర నిప్పురవ్వ లేచేది, రక్తం ఆవిరై బుడగ పేలేది, ఆ ఒత్తిడికి ఒక్కోసారి గుండె గోడ చిట్లేది. ఎంతమేర చస్తుందో చేతిలో ఉండేది కాదు. అందుకే 1980 దశకం చివరికి రేడియో తరంగాల వేడి రాగానే అందరూ దానివైపు వెళ్ళిపోయారు. ఆ షాక్ పద్ధతి మూలన పడింది.

ఇంకోపక్క, గుండెతో సంబంధం లేని ప్రయోగశాలల్లో వేరే పని జరుగుతోంది. 1967లో ఇంగ్లండులో సేల్, హామిల్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు క్షణంలో అతిచిన్న భాగంపాటు బలమైన విద్యుత్ క్షేత్రం పెడితే సూక్ష్మజీవులు చస్తాయని, చంపేది వేడి కాదని చూపించారు. 1982లో జర్మనీలో నాయ్‌మన్ బృందం ఇలాంటి కరెంటుతోనే కణం పొరలో రంధ్రాలు చేసి జన్యువుల్ని లోపలికి పంపింది. రంధ్రాలు చిన్నవైతే మళ్ళీ మూసుకుంటాయి. క్షేత్రం ఇంకొంచెం పెంచితే మూసుకోవు, కణం చస్తుంది. చాలాకాలం దీన్ని ప్రయోగంలో వచ్చే నష్టంగానే చూశారు. కణం చావడమే కావలసిన చోట దీన్ని వైద్యంగా వాడవచ్చని 2005లో డావలోస్, మీర్, రుబిన్‌స్కీ రాశారు. వాళ్ళ దృష్టి కణుతుల మీద. రెండేళ్ళకే, 2007లో, ఇజ్రాయెల్‌కు చెందిన లావే బృందం పందుల గుండె మీద ప్రయోగించి చూసింది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో విట్‌క్యాంఫ్ బృందం సంవత్సరాల తరబడి దీని మీదే కూర్చుంది. చివరికి న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో పనిచేసే వివేక్ రెడ్డి, ఫ్రాన్స్, చెక్ దేశాల సహచరులతో కలిసి, ఏఎఫ్ రోగుల్లో మొదటి ఫలితాలని 2018లో ప్రచురించారు. ఒక్క పెద్ద దెబ్బగా విఫలమైన కరెంటు, సెకనులో పదిలక్షల వంతుల్లో కొలిచే చిన్న చిన్న దెబ్బలుగా తిరిగొచ్చి నిలబడింది.

లోపల జరిగేది ఇది. కణం చుట్టూ ఉండే పొర మందం అయిదు నానోమీటర్లు, అంటే మిల్లీమీటరుని పదిలక్షల ముక్కలు చేస్తే అందులో అయిదు ముక్కలు. దానికి అటూ ఇటూ ఒక వోల్టు తేడా వస్తే చాలు, పొర తట్టుకోలేదు. తీగ కొనలో పువ్వులాగో, వలయంలాగో విచ్చుకునే ఎలక్ట్రోడ్లు ఉంటాయి. వాటి మధ్య రమారమి రెండువేల వోల్టులు, కొన్ని మైక్రోసెకన్లపాటు మాత్రమే పెడతారు. అంత కొద్ది సమయంలో వేడి పెరగడానికి వ్యవధే ఉండదు. పొరలో పడిన రంధ్రాల గుండా సోడియం, పొటాషియం, కాల్షియం తారుమారవుతాయి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ బయటికి కారిపోతుంది. కొన్ని గంటల్లో, కొన్ని రోజుల్లో కణం చస్తుంది. ఈ ఏటీపీని 1929లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నారు. కండరం బతకడానికి ఏం కావాలో ఆనాడు తెలిసినందువల్లే, దాన్ని బయటికి పోనిచ్చి ఎంపిక చేసిన కండరాన్ని ఆపడం ఈనాడు అర్థమవుతోంది.

ఎంపిక ఎలా కుదురుతుంది? ప్రతి రకం కణానికీ తట్టుకునే హద్దు వేరు. గుండె కండరం హద్దు తక్కువ. సెంటీమీటరుకి 400 వోల్టుల దగ్గర అది చావడం మొదలవుతుందని ఎక్కువగా చెప్పే లెక్క. నరాలూ రక్తనాళాల కండరమూ అంతకన్నా చాలా ఎక్కువ క్షేత్రాన్ని ఓర్చుకుంటాయి. పైగా కణాలు చచ్చినా వాటిని పట్టి ఉంచే అల్లిక, అంటే కొలాజెన్ చట్రం, చెక్కుచెదరదు. అన్నవాహికకి కరెంటు కాస్త తగిలినా గోడ కూలిపోకుండా మళ్ళీ కోలుకోగలుగుతోంది.

ఫలితాలు ఎలా ఉన్నాయి? మందులకి లొంగని, వచ్చి పోయే రకం ఏఎఫ్ ఉన్న 607 మందిని రెండు వర్గాలుగా చీటీ వేసినట్టు విడదీసి అమెరికాలో పోల్చి చూశారు. అడ్వెంట్ అని ఆ పరిశోధన పేరు, 2023లో వచ్చింది. ఏడాది తర్వాత దడ లేకుండా, అనుకున్నట్టుగా ఉన్నవాళ్ళు కరెంటు వర్గంలో నూటికి 73, వేడి లేదా చలి వర్గంలో నూటికి 71. అంటే సమానం. కొత్తది కాబట్టి దడని ఇంకా బాగా పోగొడుతుంది అని ఎవరైనా చెబితే ఈ అంకెలు ఒప్పుకోవు. రెండు వర్గాల్లోనూ దాదాపు నలుగురిలో ఒకరికి మళ్ళీ ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. దీని గొప్ప ఇరుగుపొరుగుని కాపాడటంలో ఉంది. 2024లో వచ్చిన ఇంకో పెద్ద లెక్కలో 20 దేశాల్లో ఈ వైద్యం చేయించుకున్న 17,642 మందిని చూశారు. అన్నవాహికకి రంధ్రం పడినవాళ్ళు ఒక్కరూ లేరు. ఫ్రెనిక్ నరం శాశ్వతంగా పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. సిర మూతి మూసుకుపోయినవాళ్ళూ లేరు. గుండెకి వైద్యం చేసే విద్యలో ఇంత స్పష్టమైన సున్నాలు అరుదుగా కనబడతాయి. అవి చదివినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

అలాగని ముప్పే లేదనడం అబద్ధం. ఆ లెక్కలోనే నూటికి ఒకరికి కాస్త తక్కువగా పెద్ద సమస్యలు వచ్చాయి. వెయ్యిమందిలో ముగ్గురు నలుగురికి గుండె చుట్టూ రక్తం చేరింది, ఒకరికి పక్షవాతం వచ్చింది. గుండె లోపలికి తీగ పంపడం అంటూ ఉన్నాక ఇవి ఏ పద్ధతిలోనైనా ఉంటాయి. ఈ పద్ధతికే ప్రత్యేకమైనవి రెండున్నాయి. గుండెకి రక్తం ఇచ్చే ధమని దగ్గరగా కరెంటు పెడితే ఆ ధమని కాసేపు బిగుసుకోవచ్చు, దానికి నైట్రోగ్లిసరిన్ ఇస్తారు. రెండోది, కరెంటు ఎర్ర రక్తకణాల పొరని కూడా పగలగొడుతుంది. దెబ్బలు మరీ ఎక్కువైతే పగిలిన కణాల్లోంచి వచ్చిన పదార్థం మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. పదివేలమందిలో ముగ్గురికి డయాలసిస్ దాకా పోయింది. అందుకే ముందుగా సెలైన్ ఎక్కించడం, దెబ్బల సంఖ్య హద్దులో ఉంచడం. మీకు ఇదివరకే కిడ్నీ జబ్బు ఉంటే, క్రియాటినిన్ రిపోర్టు దాచకుండా చూపించండి. ఒక కంపెనీ తన పరికరంతో పక్షవాతం కేసులు కనబడ్డాయని 2025 జనవరిలో అమెరికాలో వాడకం కొన్ని వారాలు ఆపి, కారణాలు వెతికి, మళ్ళీ మొదలుపెట్టింది. ఇలా బాహాటంగా ఆపగలగడం మంచి సంప్రదాయం అని నేననుకుంటాను.

ఇప్పుడు ఆ 17 అంకె సంగతి. కరెంటు వైద్యం మీద పైన చెప్పిన పరిశోధనలు ఎక్కువగా కవాటం బాగున్న రోగుల మీద చేసినవి. మన దేశంలో పరిస్థితి వేరు. భారతీయ హార్ట్ రిథమ్ సొసైటీ వివిధ ఆసుపత్రుల నుంచి 1,537 మంది ఏఎఫ్ రోగుల వివరాలు సేకరిస్తే, దాదాపు సగంమందికి మూలం కీళ్ళవాతంతో చెడిన కవాటమే. చిన్నతనంలో గొంతునొప్పి వస్తుంది, తర్వాత కీళ్ళు వాచి జ్వరం వస్తుంది, అది తగ్గిపోతుంది, అందరూ మరిచిపోతారు. లోపల మైట్రల్ కవాటం ఏళ్ళ తరబడి బిరుసెక్కి సన్నబడుతుంది. ముప్పై నలభై ఏళ్ళ వయసులో, పత్తి తీసే కాలంలో, ఆయాసంతో ఒక ఆడమనిషి ఆసుపత్రికి వస్తుంది. ఆమె దడకి మొదటి వైద్యం ఈ కొత్త కరెంటు కాదు. ముందు ఎకో తీసి కవాటం చూడాలి. సన్నబడితే బెలూనుతో వెడల్పు చేయాలి, కుదరకపోతే కవాటం మార్చాలి. ఆమె కర్ణిక ఎంతోకాలంగా ఒత్తిడికి సాగి, మచ్చలు పడి ఉంటుంది. సిరల మూతి ఒక్కటీ మూస్తే చాలదు. ఏఎఫ్‌కి కొత్త వైద్యం వచ్చిందట, అప్పు చేసైనా చేయిద్దాం అని పొలం తాకట్టు పెట్టే ముందు, ఈ ఒక్క మాట అడిగి తెలుసుకోవాలి: కవాటం ఎలా ఉంది?

ఆమెకి అన్నిటికన్నా ముఖ్యం రక్తం గడ్డకట్టకుండా మాత్ర. ఇక్కడ ఒక ఆశ తీరకుండా పోయింది, చెప్పాలి. పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి కాబట్టి కీళ్ళవాతం రోగులకీ వాటినే ఇవ్వవచ్చేమో అని 24 దేశాల్లో నాలుగున్నర వేలమంది మీద చూశారు. ఇన్విక్టస్ అనే ఆ పరిశోధన 2022లో వచ్చింది. కొత్త మాత్రకన్నా పాతవే ఎక్కువమంది ప్రాణాలు నిలిపాయని తేలింది. పాతవంటే వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా వాడే అసిట్రోమ్. వాటికి నెలనెలా రక్తపరీక్ష చేయించి, ఐఎన్ఆర్ అనే అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉంచాలి. కోతల రోజుల్లో కూలి మానుకుని పరీక్షకి రమ్మనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా రమ్మనే అంటాను. గోంగూర, తోటకూర పూర్తిగా మానెయ్యమని కొందరు భయపెడతారు. మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని ఇంకో వారం ముట్టకుండా ఉంటే అంకె అటూ ఇటూ ఊగుతుంది. ఎంత తింటారో అంతే, వారం వారం ఒకేలా తినండి. ఇంట్లో కీళ్ళవాతం జ్వరం వచ్చిన పిల్లలుంటే మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ మానిపించకండి. మానిపించకపోతే, ముప్పై ఏళ్ళ తర్వాత ఏ అబ్లేషనూ అవసరం రాకుండా పోవచ్చు.

హైదరాబాదు సంగతి కొంచెం చెబుతాను. గుండె లయ జబ్బుల వైద్యానికి ఆ నగరం మన దేశంలో పేరున్నది. అక్కడ డాక్టర్ సి. నరసింహన్ బృందం, కారణం తెలియని ప్రమాదకరమైన దడతో వచ్చే రోగుల్లో కొందరికి మూలం గుండె కండరంలో, ఛాతీ గ్రంథుల్లో ఉన్న టీబీ లాంటి జబ్బు గడ్డలని 2011లో ప్రచురించింది. దడని కాల్చే ముందు ఆ జబ్బుకి మందు వాడితే మేలని దానివల్ల తెలిసింది. 1990 దశకంలో అబ్దుల్ కలాంగారు, డాక్టర్ సోమరాజుగారు కలిసి తక్కువ ఖర్చులో స్టెంటు తయారుచేయించిందీ ఆ ఊళ్ళోనే. ఈ కరెంటు వైద్యంలో ఇప్పుడు వాడే పరికరాలు ఎక్కువగా విదేశీ కంపెనీలవి, ఒక మనిషికి వాడిన తీగ ఇంకొకరికి వాడకూడదు. ఖర్చు అందుకే ఎక్కువ. స్టెంటు విషయంలో జరిగిన పని ఇక్కడా జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో మీకు చెప్పిన అబ్లేషన్ వస్తుందో రాదో, వస్తే ఏ రకం వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం సంగతులు చూసేవాళ్ళని ముందే అడగండి. వేడి పద్ధతి మాత్రమే వస్తుందంటే దిగులు పడకండి. అనుభవమున్న చేతిలో అదీ మంచి వైద్యమే, దడ పోవడంలో రెండూ సమానమని ఇందాకే విన్నారు.

అన్నిటికన్నా ముందు జబ్బు దొరకాలి కదా. దడ వచ్చినప్పుడు, అది సర్దుకోకముందే, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించి ఒక నిమిషం నిండా నాడి చూసుకోండి. వేగం ఒక్కటే కాదు, వరస ఉందా లేదా అన్నది గమనించండి. వరస లేకపోతే సోడా కోసం వెతక్కుండా దగ్గర్లో ఈసీజీ ఉన్న చోటికి, అది నందిగామ ప్రభుత్వాసుపత్రి కానీ జగ్గయ్యపేటలో ఏదైనా క్లినిక్ కానీ, దడ ఉండగానే వెళ్ళి తీయించుకోండి. ఆ కాగితం ప్రాణంలా దాచుకోండి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఎంత పెద్ద డాక్టరైనా వైద్యం మొదలుపెట్టేది ఆ కాగితంతోనే. పట్టుకోలేకపోతే 24 గంటలు ఒంటికి తగిలించి ఉంచే హోల్టర్ అనే యంత్రం ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన చేతి గడియారం వరస తప్పిందని చెబితే, అది నిజమో కాదో ఈసీజీ తీయించి తేల్చుకోండి, కొట్టిపారెయ్యకండి. మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు బీపీ చూసేటప్పుడు అరవై దాటినవాళ్ళ నాడి ఒక నిమిషం పట్టుకుని చూస్తే, ఊరికి కొందరైనా పక్షవాతం రాకముందే బయటపడతారు. దీనికి పైసా ఖర్చు లేదు, ఇది జరగాలని నేను ప్రతి సమావేశంలో అడుగుతూనే ఉన్నాను.

తొందరగా దొరకడం వల్ల లాభం ఉందనడానికి రుజువు ఉంది. జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయని సరిచేసే వైద్యం మొదలుపెట్టినవాళ్ళకి పక్షవాతం, గుండె నీరసించడం వంటివి తక్కువగా వచ్చాయని 2020లో యూరప్‌లో 2,789 మంది మీద జరిగిన పరిశోధన చెప్పింది. ఏళ్ళ తరబడి వదిలేస్తే కర్ణిక పెద్దదై, దడ శాశ్వతమై, ఏ కరెంటు పెట్టినా సిరల దగ్గర దొరకని స్థితికి చేరుతుంది. బీపీ అదుపులో పెట్టడం, బరువు తగ్గడం, మందు మానెయ్యడం కూడా వైద్యమే. ఇక్కడ మందంటే సారా అని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. తాగుడు మానినవాళ్ళలో ఏఎఫ్ తగ్గిందని 2020లోనే ఆస్ట్రేలియా డాక్టర్లు చూపించారు. అమెరికాలోని కాన్సాస్‌లో ధనుంజయ లక్కిరెడ్డి బృందం 2013లో 49 మందికి మూడు నెలలు యోగా చేయించి చూస్తే దడ వచ్చిన సార్లు తగ్గాయి. చిన్న అధ్యయనమే, కాకపోతే చేయడానికి చాప ఒక్కటీ చాలు.

ఇక మీకో, మీవాళ్ళకో అబ్లేషన్ చెప్పారనుకోండి. డాక్టరుగారిని మొహమాటం లేకుండా అడగండి: నాది వచ్చి పోయే రకమా, స్థిరపడిన రకమా? కవాటం, కిడ్నీ ఎలా ఉన్నాయి? మీ చేతి మీదుగా ఇవి ఎన్ని జరిగాయి? చేశాక ఎన్నాళ్ళు గడ్డకట్టని మాత్ర వాడాలి? కనీసం రెండు మూడు నెలలు అందరికీ వాడమంటారు. ఆ తర్వాత ఆపడమా, కొనసాగించడమా అన్నది మీ వయసు, బీపీ, షుగరు, ఇదివరకు పక్షవాతం వచ్చిందా అన్నవి చూసి చెబుతారు. దడ పోయింది కదా అని ఇంటికొచ్చాక మాత్ర మానేసేవాళ్ళే ఎక్కువ చిక్కుల్లో పడుతున్నారు. మొదటి రెండు మూడు నెలల్లో దడ ఒకటి రెండుసార్లు తొంగిచూసినా వైద్యం చెడిందని కాదు, గుండె మానే క్రమంలో అది మామూలే. ఏ పద్ధతిలో చేయించుకున్నా, వేడి పద్ధతిలో మరీ ముఖ్యంగా, కొన్ని వారాల్లో జ్వరం వచ్చినా, మింగుతుంటే నొప్పి పుట్టినా, మాట తడబడినా, ఊళ్ళో ఇంజక్షన్ వేయించుకుని ఊరుకోకుండా 108కి ఫోను చేసి, అబ్లేషన్ చేయించుకున్నామని మొదటి మాటగా చెప్పాలి. ఎండోస్కోపీ చేయించమని ఎవరైనా అన్నా, ముందు అబ్లేషన్ చేసిన డాక్టరుని అడగందే ఒప్పుకోకండి. అలాంటప్పుడు మొదట తీయాల్సింది ఛాతీ సీటీ స్కాన్.